నదిని గడుల్లోకి తెచ్చిన రోజులు

మా నాన్న కాలు విరిగి కోదాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ నవల నా చేతికొచ్చింది. మాది సూర్యాపేట. నాన్న ఎవరిదో పెండ్లికని కోదాడ పోయి, హైవే దాటుతుంటే బండి తగిలింది. ఎముక అతుక్కునే దాకా కదిలించొద్దన్నారు. నేను పనిచేసే ఫ్లెక్స్ షాపులో సెలవు అడిగి, రెండు గిన్నెలూ ఒక దుప్పటీ సర్దుకుని వచ్చి, వార్డులో ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

పనిలేకుండా కూర్చోవడం నాకు రాదు. ఫ్లెక్స్ షాపుకంటే ముందు ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరుగా చేశాను. కరోనా తర్వాత బళ్లు తెరిచినప్పుడు లెక్కలూ సైన్సూ ఉంటే చాలనుకున్నారు, డ్రాయింగ్ పీరియడ్ పోయింది. అప్పటినుంచీ పుట్టినరోజులు, నాయకులకు స్వాగతాలు, ఓణీల ఫంక్షన్లు, సంవత్సరీకాలు. ఒకే పూటలో ఒకరి ఫొటోకు పూలదండ వేసి, ఇంకొకరి తల వెనక సూర్యుణ్ని పెట్టేదాన్ని. చెయ్యి మౌస్‌కు అలవాటుపడిపోయి, పెన్సిల్ పట్టుకుంటే వేళ్లు ఎవరివో అన్నట్టు ఉండేవి.

ఆ వార్డులో పెద్ద సిస్టర్ ఒకామె ఉండేది. యాభై దాటిన మనిషి. ఎవరి మీదా గొంతు పెంచేది కాదు గానీ, ఆమె వస్తుంటే మంచాల మీద కూర్చున్న చుట్టాలంతా లేచి నిలబడేవాళ్లు. చదవడానికి ఏమీ లేక నేను నాన్న మందుల పెట్టెల మీది అక్షరాలు చదువుకోవడం ఆమె గమనించినట్టుంది. ఒక మధ్యాహ్నం తన సంచిలోంచి ఇటుకంత పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది.

“చదువు. నచ్చకపోతే తలకింద పెట్టుకో, ఎత్తు సరిపోద్ది” అంది.

అట్ట మీద ఉన్నది ఆమె పేరే.

అది రాజ్యాల కథ. ఒక నది ఒడ్డున రాతితో కట్టిన ఊళ్లుంటాయి. ఆ నది ఏటా ఒక మెట్టు పైకి ఎక్కుతుంది, మళ్లీ దిగదు. ఎక్కిన ప్రతి మెట్టుకూ ఒక ఊరు నీళ్లలోకి పోతుంది. మునిగిన ఊరి మనుషులు చచ్చిపోరు, రాతిమనుషులై నది అడుగున తిరుగుతుంటారు. పైన మిగిలిన రాజ్యాలు మిగిలిన కాస్త నేల కోసం కొట్టుకుంటుంటాయి. కుండలు చేసేవాళ్ల ఇంటి పిల్ల ఒకతె, నది పుట్టినచోటికి పోయి వెనక్కి మళ్లమని దాన్నే అడుగుదామని బయలుదేరుతుంది. యుద్ధాలున్నాయి, రెక్కల ఎద్దులున్నాయి, ఎదుట నిలబడి అబద్ధమాడితే మసకబారే అద్దాలున్నాయి. దాదాపు వెయ్యి పేజీలు. నాన్నకు కట్టు విప్పేలోపు రెండుసార్లు చదివాను.

రెండోసారి చదువుతున్నప్పుడు, నాకు తెలియకుండానే, ఎక్స్‌రే కవరు వెనకవైపు ఒక రాతిమనిషిని గీశాను. మెడ లేదు, భుజాల మీద నాచు, తల పైకెత్తి ఉన్నాడు. మర్నాడు డాక్టరు రౌండ్స్‌కి వచ్చి ఎక్స్‌రే అడిగితే సిస్టర్ ఆ కవరు అందుకుని, ఫిల్ము తీయకుండా బొమ్మను చూస్తూ నిలబడింది. డాక్టరు చెయ్యి చాపి ఎదురుచూస్తున్నాడు.

“వీడు పైకెందుకు చూస్తున్నాడు?” అని నన్నడిగింది.

“ఇంటి కప్పు యాడుండెనో ఎతుకుతుండు, సిస్టర్” అన్నాను.

ఆమె ఎక్స్‌రే డాక్టరుకిచ్చి, కవరు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

డిశ్చార్జి రోజు ధైర్యం చేసి అడిగాను, ఈ నవలను బొమ్మల కథగా వేసుకుంటానని. ఎన్నో ఏళ్లు డ్యూటీకీ డ్యూటీకీ మధ్య రాసి, తనే అచ్చు వేయించుకుంటే, చదివినవాళ్లు ‘పెద్దగా ఉంది సిస్టర్’ అనే మాట తప్ప ఇంకోటి చెప్పలేదట. మిగిలిన కాపీలు ఇంట్లో బీరువాలో దుప్పట్ల పక్కన ఉన్నాయట. పిల్లల కోసమా అని అడిగింది. కాదు, నా కోసం అన్నాను. అప్పుడు నవ్వింది.

“సరే, వేసుకో. కానీ నన్నడక్కుండా ఎవర్నీ చంపొద్దు.”

సూర్యాపేట వచ్చాక, షాపు అయిపోయిన తర్వాత సాయంత్రాలూ ఆదివారాలూ ఈ పనికే. బల్ల లేదు, వంటింటి అరుగు మీదే గీసేదాన్ని. మా ఆయన ట్రాక్టర్ల స్పేర్‌పార్టుల షాపులో పనిచేస్తాడు. మనిషి ఎలా వంగుతాడో, బరువు మోస్తే భుజం ఎటు వాలుతుందో చూసుకోవడానికి నాకు అతనే దిక్కు. మేడ మీద నిలబెట్టి, మందపాటి దుప్పటి కప్పి, రాతిమనిషిలా అడుగులు వేయించేదాన్ని. పక్కింటావిడ బట్టలారేయడానికి వచ్చి, చాలాసేపు చూసి, జ్వరమా అని అడిగింది. అవునన్నాడు పాపం.

మొదటి అధ్యాయం ముగించడానికి ఒక వేసవి పట్టింది. తీరా చూస్తే నవలలో కొద్ది పేజీల కథకే నా బొమ్మల పుస్తకం సగం నిండిపోయింది. ఎందుకంటే నాకు ఆమె వాక్యాల మీద విపరీతమైన ప్రేమ. ఒక్కటీ వదల్లేకపోయాను. ప్రతి గడి పైనా ఒక పెట్టె గీసి అందులో ఆమె వర్ణన రాశాను, కింద మాటల బుడగలు పెట్టాను. తెలుగు అక్షరంతో వచ్చే చిక్కు అప్పుడు తెలిసింది. పైన గుడులూ కొమ్ములూ, కింద వత్తులు. రెండు వరుసల మధ్య చోటు వదలకపోతే పై వత్తు పోయి కింది గుడికి తగులుతుంది. చోటు వదిలితే బుడగ ఉబ్బి మనిషి మొహాన్ని మింగేస్తుంది. కంప్యూటర్ ఫాంటులు వాడి చూశాను, పెండ్లి కార్డులాగా వచ్చింది. చివరికి చేత్తోనే రాయడం మొదలుపెట్టాను.

ఆ పేజీలు మా ఆయనకిచ్చాను. అతను నవలలు చదివే మనిషి కాదు. ఓపిగ్గా మొత్తం చూశాడు. బాగున్నాయన్నాడు గానీ ఆ అనడంలో ఏదో ఆగింది. ఏంటో చెప్పమని పట్టుబట్టాను.

“నది ఎర్రగ పారుతుందని పైన రాసినవ్. కింద ఎర్ర నది గీసినవ్. సదివినంక బొమ్మ సూడబుద్ధి అయితలేదు. రెండూ ఒకటే సెప్తున్నయ్ గద.”

రెండు రోజులు అతనితో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఆ పేజీలన్నీ అట్టపెట్టెలో వేసి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

ఈసారి మాటల్ని తీసేస్తూ పోయాను. నవలలో నది వర్ణన నాలుగు పేజీలుంటుంది. దాన్ని ఎదురెదురు పేజీల నిండా ఒకే బొమ్మ చేసి, మూలన చీమంత పిల్లను పెట్టాను. ఒక్క మాట లేదు. సేనాపతి పౌరుషం గురించిన పొడుగాటి పేరా బదులు, అతను వంగి చెప్పు పట్టీ బిగించుకునే గడి ఒకటి. ఇలాంటివి పది పన్నెండు పేజీలయ్యాక కోదాడ బస్సెక్కేదాన్ని. ఆమెను అక్కా అని పిలవడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. అక్క కళ్లద్దాలు తుడుచుకుని పేజీలు చూసేది. తన వాక్యాలు పోయినందుకు బాధపడుతుందేమోనని నేను బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, నది బొమ్మ దగ్గర ఆగి, “ఇంత చిన్నదా పిల్ల! రాసేటప్పుడు నాకు ఇంత భయం వేయలేదమ్మాయ్” అంది. ఆ రోజు తిరుగు బస్సులో నాకు సీటు దొరకలేదు, నిలబడ్డట్టే తెలియలేదు.

చిక్కంతా పుట్టివాడితో వచ్చింది.

పుట్టి అంటే తట్టలా గుండ్రంగా ఉండే పడవ. కృష్ణలో చేపలు పట్టేవాళ్ల దగ్గర ఇప్పటికీ కనిపిస్తుంది. నవలలో పిల్లను నది దాటించేది ఒక ముసలి పుట్టివాడు. దాటిస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటాడు. మునిగిన ఊళ్ల చరిత్రలు, రాజుల ముత్తాతల సంగతులు, నీళ్ల స్వభావం గురించి తత్వం. చదివేటప్పుడు బాగానే ఉంటుంది. బొమ్మల్లో మాత్రం అతను నోరు తెరిస్తే కథ నిలబడిపోయేది. పేజీ తర్వాత పేజీ, పుట్టిలో ఇద్దరు కూర్చుని ఉంటారు, ఒకరు మాట్లాడతారు, ఒకరు వింటారు. దూరం నుంచి గీశాను, దగ్గరి నుంచి గీశాను, మాటలు చెబుతుంటే ఆ చరిత్రలే నీళ్లలో కనబడేట్టు గీశాను. ఏదీ కుదరలేదు. చివరికి అతన్ని తీసేశాను. పిల్ల ఒక్కతే తెడ్డు వేసుకుంటూ దాటుతుంది. కథ ఒక్కసారిగా పరుగందుకుంది. ఎన్నాళ్లకో చెయ్యి తేలికైనట్టు అనిపించింది.

కోదాడలో అక్క ఇంటి వరండాలో ఆ పేజీలు చూపించాను. ఆమె చివరిదాకా చూసి, మళ్లీ మొదటికొచ్చింది.

“ఆయన లేడే” అంది.

“లేడు అక్కా. ఆయన ఉంటే కథ కదుల్తలేదు. ఆయన సెప్పేటివన్నీ వేరే తాన సర్దిన.”

ఆమె పేజీల అంచులు సమంగా తట్టి నా చేతికిచ్చింది. టీ పెట్టింది. నాన్న కాలు ఎలా ఉందని అడిగింది. కోప్పడలేదు, వాదించలేదు. ఆ తర్వాత మాత్రం నేను ఫోను చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో ఉన్నానని ఒకసారి మెసేజ్ వచ్చింది, ఇంకోసారి అదీ లేదు. మామిడిపళ్లు అయిపోయి వానలు పడ్డాయి. ముందరి పేజీలకు ఇంకు వేస్తూ కూర్చున్నాను గానీ కొత్తవి గీయబుద్ధి కాలేదు. ఆ ముసలాయన్ను మళ్లీ పెట్టేస్తే పోలేదా అన్నాడు మా ఆయన. పెడితే కథ చచ్చిపోతుంది. పెట్టకపోతే మనిషి దూరమైంది. ఏం చేయాలో తోచక ఫ్లెక్సుల్లోనే తలదూర్చుకున్నాను.

ఒకరోజు అక్కే ఫోను చేసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక మఠంపల్లి దగ్గర మా అమ్మ దగ్గరికి పోతున్నాను, నువ్వూ రా అని మాత్రం చెప్పింది.

హుజూర్‌నగర్‌లో కలుసుకుని ఒకే బస్సెక్కాం. సిమెంటు లారీలు దుమ్ము లేపుకుంటూ ఎదురొస్తున్నాయి. ప్రాజెక్టు వెనక నీళ్లు నిలిచినప్పుడు వాళ్ల ఊరు మునిగిపోయిందని, ఊరందరికీ ఎత్తు మీద కాలనీ కట్టిచ్చారని అక్క దారిలో చెప్పింది. నవల రాయడం ఆ తర్వాతే మొదలుపెట్టిందట. ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని అడగాలనుకున్నాను, అడగలేదు. కిటికీలోంచి చేల గట్ల మీద నిలబెట్టిన నాపరాళ్లు చూస్తున్నాను. నేను నా ఊళ్లకు సినిమా కోటల్లాంటి గోడలు గీసిన సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

వాళ్లమ్మ కొడుకు కుటుంబంతో ఉంటుంది. సన్నటి మనిషి, చెవులు కొంచెం మందం. అన్నాలు తిన్నాక అక్క నన్ను చూపించి, ఈ పిల్ల బొమ్మలు గీస్తుంది, తన నాన్న సంగతి చెప్పమంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ పుట్టివాడు ఎవరో.

ముసలామె మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని చాలాసేపు చెప్పింది. ఆయన మనుషుల్ని నది దాటించేవాడట. మిరపకాయలు కోయడానికి అవతలి ఒడ్డుకు పోయే కూలీలు, పెళ్లివాళ్లు, మేకలు, ఒకసారి పురిటి నొప్పులు పడుతున్న మనిషి. ఎవరు ఎక్కబోయినా ముందు తను వంగి, చెయ్యి నీళ్లలో మోచేతిదాకా ముంచి, పుడిసెడు నీళ్లు నోట్లో పోసుకుని, అప్పుడు గానీ రమ్మని తల ఊపేవాడు కాదట. ఎందుకో ఎవరికీ చెప్పలేదట. నీళ్లొచ్చాక కాలనీలో ఇల్లు వచ్చింది, పుట్టి పొయ్యిలోకి పోయింది. ఆ మరుసటేడే ఆయనా పోయాడు.

అక్క అంతసేపూ చాప అంచు లాగుతూ కూర్చుంది. నీళ్లు చూద్దామని ఇద్దరం బయటికి నడిచాం. ఒడ్డున తుమ్మచెట్లు మొలలోతు నీళ్లలో ఉన్నాయి.

“ఆయన అసలు మాట్లాడేవాడు కాదమ్మాయ్” అంది అక్క. “రోజుకి నాలుగు మాటలు. ఏమడిగినా ఊఁ అనేవాడు. ఏం ఆలోచించేవాడో తెలిసేది కాదు. పోయాక నవల్లో నేనే కూర్చోబెట్టి మాట్లాడించా. అందుకే అంత పొడుగు. నువ్వు తీసేస్తే మళ్లీ నోరు మూసుకున్నట్టనిపించింది. నీ తప్పేం లేదు. కథ బాగానే నడిచింది.”

నేను నీళ్లవైపు చూస్తూ నిలబడ్డాను. నాలో ఏదో గబగబా సర్దుకుంటున్నట్టుంది.

“అక్కా, మాట్లాడకుంటనే ఉంచుత” అన్నాను. “పుట్టిల ఉంటడు. ఒక్క బుడగ గూడ పెట్టను.”

ఆమె నావైపు తిరిగింది. తిరుగు బస్సులో ఆయన తెడ్డు ఎలా పట్టుకునేవాడో, తలగుడ్డ ఎటువైపు ముడివేసేవాడో నాకు చెబుతూనే ఉంది.

ఆ భాగమంతా మళ్లీ గీశాను. కోటలు చెరిపేసి నాపరాళ్ల గోడలు పెట్టాను. పుట్టివాడు వచ్చాడు. పిల్ల మాట్లాడుతుంది, అడుగుతుంది, భయపడుతుంది, అలిగి వెనక్కి తిరిగి కూర్చుంటుంది. అతను తెడ్డు వేస్తూ ఉంటాడు. ఒకచోట అతని చెయ్యి మోచేతిదాకా నీళ్లలో ఉంటుంది, కింద లోతులో రాతిమనుషులు ఆ చేతివైపు తల ఎత్తి చూస్తుంటారు. నవలలో ఇరవై పేజీల చరిత్ర అతని నోట చెప్పించాల్సి వచ్చింది. ఇక్కడ ఆ చూపుతో సరిపోయింది. ఇద్దరు పుట్టిలో కూర్చుంటే కథ ఆగిపోతుందని భయపడ్డాను గానీ, ఒకరు పలకకపోతే చదివేవాళ్లు ఇంకా దగ్గరికి వంగుతారని తెలిసింది. మొహం ఒక్కటే ఇబ్బంది పెట్టింది. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. మీసం ఉండేదనుకుంటా అంది అక్క. సరేనని ఆమె మొహమే తీసుకుని, వయసు పెంచి, మీసం పెట్టాను.

పేజీలు అక్కకు ఇచ్చినప్పుడు ఆమె ఆ చెయ్యి ఉన్న పేజీ దగ్గరే ఉండిపోయింది. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. వంటింట్లో కుక్కరు కూతలు పెడుతుంటే నేనే లేచి పోయి స్టవ్ ఆపి వచ్చాను. ఆమె అదే పేజీ మీద ఉంది.

“పద, అమ్మకు చూపిద్దాం” అంది చివరికి.

ముసలామెకు చదువు రాదు. కూతురు ఇంత పెద్ద పుస్తకం రాసిందని తెలుసు గానీ అందులో ఏముందో తెలియదు. పేజీలు ఒళ్లో పెట్టుకుని, ఒక్కో గడి మీద వేలు ఆనిస్తూ చూసుకుంటూ పోయింది. పుట్టి వచ్చేసరికి వేలు ఆగింది.

“మొగం నా బిడ్డది” అంది. “మీసమెవలదో. ఆయనకు మీసం యాడిది?”

అక్క ఒక్కసారి పగలబడి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంకేమైనా తేడా ఉందా అని నేను అడిగితే ముసలామె మళ్లీ ఒకసారి చూసి, ఇంక ఆయనే అంది. తర్వాత పేజీ తిప్పింది. పేజీలు అయిపోయాయి. మిగతాది నేను ఇంకా గీయలేదు.

“ఇగ ఈ పిల్లేం జేస్తది? సెప్పు” అని కూతుర్ని అడిగింది.

అక్క చెప్పడం మొదలుపెట్టింది. తన నవలను తను ఎవరికైనా నోటితో చెప్పడం అదే మొదలట. ఆమె చెబుతుంటే నేను నోరు తెరుచుకుని వింటున్నాను. ఎందుకంటే, పుస్తకంలో నూట యాభై పేజీల యుద్ధాన్ని “వాళ్లూ వాళ్లూ కొట్టుకున్నారమ్మా, చాలామంది పోయారు” అని దాటేసింది. అద్దాల నగరం వచ్చింది, పోయింది. ఇద్దరు రాజకుమారులు ఒక్కడైపోయారు. సేనాపతి అసలు పుట్టనే లేదు. నేను ఏ కొమ్మ కత్తిరించడానికీ వణికిపోతుంటే, ఆమె చెట్టుకు చెట్టే దాటిపోతోంది. నది పుట్టినచోట పిల్ల నిలబడే దగ్గర మాత్రం నెమ్మదించింది. అక్కడ నీళ్లెలా ఉంటాయో, పిల్ల నదిని ఏమని అడుగుతుందో అన్నీ చెప్పింది. వాళ్లమ్మ కన్నార్పకుండా వింటోంది.

నేను ఆమెనే చూస్తున్నానని గమనించి అక్క ఆగింది.

“ఏంటి?”

“సేనాపతిని సంపినవ్ అక్కా. నన్నడగకుంట.”

ఆమెకు ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. తర్వాత నుదురు కొట్టుకుంది.

ఆ రోజునుంచి పని తీరే మారిపోయింది. ఆదివారం డ్యూటీ లేకపోతే అక్కే సూర్యాపేట వచ్చేది. నవల కాపీ ఒకటి, ఎర్ర పెన్సిల్ ఒకటి తెచ్చుకుని మా వంటింట్లో కూర్చుని తన పేజీలు తనే కొట్టేసేది. కొన్నిసార్లు నేను అడ్డం పడేదాన్ని. రెక్కల ఎద్దులు పోతే నేనొప్పుకోను అన్నాను, వాటికోసం ఒక పూటంతా వాదించుకున్నాం. ఎద్దులు ఉన్నాయి. మా ఆయన ఆమెకూ మోడలుగా పనికొచ్చాడు. రాతిమనుషులు మెట్లెలా ఎక్కుతారో చూడాలని అతన్ని ఆమె కూడా దుప్పటి కప్పి మేడ మెట్లు ఎక్కించింది.

అచ్చు మిర్యాలగూడలో వేయించాం. రైస్ మిల్లుల క్యాలెండర్లూ కరపత్రాలూ పెండ్లి కార్డులూ వేసే ప్రెస్సు అది. మా షాపుకు తెలిసిన పెద్దాయనది. వీధిలోకి అడుగు పెడుతూనే ఉడకబెట్టిన వడ్ల వాసన, గాలిలో తేలే ఊక బూడిద. కాగితాల మీద బూడిద పడకుండా కిటికీలకు తడి గోనెలు వేలాడదీశాడు. నా బొమ్మల్లో నలుపు ఎక్కువ. నది అడుగు పేజీలు మొదటిసారి తీస్తే మొహాలన్నీ ఇంకులో కలిసిపోయాయి. ఆయన ఆ కాగితం వెలుగులో పట్టుకుని చూశాడు, ఇట్ల అయితే నేనియ్యను అని పక్కన పడేసి, ఇంకు తగ్గించి మళ్లీ తీశాడు. రాతిమనిషి కళ్లు కనిపించేదాకా అలా తీస్తూనే పోయాడు.

ప్రెస్సులో పేజీలు వరసగా రావు. పెద్ద కాగితం మీద ఒకటో పేజీ పక్కన పదహారోది, దాని కింద తలకిందులుగా ఇంకేదో ఉంటాయి. మడిచి కోస్తే గానీ వరుస కుదరదు. పెద్దాయన మిషను నుంచి వచ్చింది వచ్చినట్టే చదివేశాడు. నేనూ అక్కా వెళ్లేసరికి అయోమయంగా ఉన్నాడు.

“అమ్మా, జర ఒక్కటి సెప్పుండ్రి” అన్నాడు. “ఈ పిల్ల ముందు నది దాటి తర్వాత ఊరిడిసి పోతదా, ఊరిడిసినంక దాటుతదా? పొద్దటిసంది పరేషాన్ అయితున్న.”

అక్క స్టూలు లాక్కుని కూర్చుని ఆయనకు కథ వరుసగా చెప్పింది. ఈసారి సేనాపతికి కూడా ఒక మాట చోటు దొరికింది.

కుట్టిన కాపీలు కొన్ని సంచిలో పెట్టుకుని సాయంత్రం కోదాడ బస్సెక్కాం. సంచి ఇద్దరి మధ్యా ఉంది. అక్క ఒకటి తీసి, తెరవకుండా, అట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. అట్ట మీద ఆమె పేరు పైన, నా పేరు కింద. ముందు సీట్లో నాట్లు వేసి వస్తున్న ఆడవాళ్లు కొందరున్నారు, పాదాల మీద బురద ఇంకా ఆరలేదు. వాళ్లలో ఒకామె వెనక్కి తిరిగి చూసి, అదేం పుస్తకం అక్కా అని అడిగింది. అక్క ఇచ్చింది. తెలిసినవాళ్లు కాకుండా ఒక మనిషి ఆ పుస్తకం తెరవడం అదే మొదలు.

ఆమె చదువుతూ పోయింది. పక్కనామె భుజం మీదుగా తొంగి చూస్తుంటే పేజీ తిప్పేముందు ఆగి, అయిందా అని అడిగి తిప్పేది. ఎక్కడ ఏ పేజీలో ఉందో వెనక నుంచి ఆమె తల వంపును బట్టి మేమిద్దరం ఊహించుకుంటున్నాం. నది బొమ్మ దగ్గర పుస్తకం కొంచెం దూరంగా పట్టుకుంది. పుట్టి వచ్చినప్పుడు దగ్గరికి తెచ్చుకుంది. అక్క నా చెయ్యి పట్టుకుంది.

హుజూర్‌నగర్‌లో వాళ్లంతా దిగుతున్నారు. ఆమె పుస్తకం మూసి వెనక్కి ఇవ్వబోయింది, సగం కూడా కాలేదు.

“తీసుకెళ్లమ్మా” అంది అక్క.

ఆమె మొహమాటపడింది, మళ్లీ యాడ ఇయ్యాలె అని అడిగింది. ఇవ్వొద్దు, చదివి ఇంకెవరికైనా ఇవ్వమంది అక్క. కండక్టర్ తొందరపెడుతుంటే ఆమె పుస్తకం చంకలో పెట్టుకుని దిగింది. బస్సు కదిలేలోపే, తోటివాళ్లు నడిచిపోతున్నా, బస్టాండులో లైటు కింద నిలబడి మళ్లీ తెరిచింది.

అక్క సీటులో పూర్తిగా వెనక్కి తిరిగి, మలుపు వచ్చేదాకా ఆమెనే చూసింది.

“చూశావా, తల ఎత్తలా” అంది.

తర్వాత ముందుకు తిరిగి సర్దుకు కూర్చుని, కోదాడ వచ్చేదాకా రెక్కల ఎద్దులను తీసేయాలనుకోవడం ఎంత తెలివితక్కువో నాకు చెబుతూ వచ్చింది, ఆ మాట అన్నది నేనే అయినట్టు.